మనశ్శాంతి వనంలో అరుగు లేదు

మా ఇంటామె కూర్చుని నలుగురితో మాట్లాడుకునే రాతి అరుగును పగలగొట్టి, సరిగ్గా ఆ చోటనే, జనం మనసులు బాగుండాలని ఒక పార్కు కట్టారు. జరిగిన అన్యాయం ఇంతే. ఇంత చిన్న వాక్యం రాయడానికి నాకు ఎనిమిది నెలలూ మూడు అర్జీలూ పట్టాయి. అందులో ఎవరి తప్పెంతో చదివేవాళ్ళే తేల్చుకోవాలి.

మాది మాదాపూర్. ఇప్పుడు ఆ పేరు చెబితే అందరికీ అద్దాల బిల్డింగులు గుర్తొస్తాయి. నాకు మాత్రం బండరాళ్ళు, తుమ్మచెట్లు, వాటి నడుమ మేకలు గుర్తొస్తాయి. ఈ మాట మొదలుపెడితే మా కోడలు "మామయ్యా, మేకలు వచ్చాయా?" అంటుంది, నా ఉపన్యాసం మొదలైందని దాని అర్థం. కాబట్టి మేకల సంగతి ఇక్కడితో ఆపేస్తాను.

నేను బడికి పోయింది మూడో తరగతి దాకా. ఆ పైన నా చదువంతా బోర్డుల మీదే. మొదట కిరాణా దుకాణాలకు, సైకిల్ షాపులకు రాశాను. తరవాత కంపెనీలు వచ్చాక లేడీస్ హాస్టళ్ళకు, కర్రీ పాయింట్లకు రాశాను. అక్షరం తప్పు పడితే చెరిపి మళ్ళీ రాయాల్సింది నేనే గనక, ఒక పాత నిఘంటువు కొనుక్కుని పుట పుటా చదివాను. ఫ్లెక్సీలు వచ్చి కుంచె మూలపడ్డాక నాకు మిగిలిన విద్య ఒకటే, దారిలో కనపడ్డ ప్రతి బోర్డులో తప్పు పట్టడం. ఈ విద్య వల్ల ఇప్పటిదాకా ఎవరికీ మేలు జరిగినట్టు దాఖలా లేదు.

మా పాత ఇంటిని డెవలప్‌మెంటుకిచ్చి, ఖాజాగూడ చెరువుకు దగ్గర్లో పన్నెండో అంతస్తులో ఫ్లాటుకు మారాం. కాగితాల మీద సంతకం పెట్టేరోజు నేను ఆ బిల్డరును గంటసేపు ప్రశ్నలడిగాను. లిఫ్టులెన్ని, నీళ్ళు ఏ వేళకొస్తాయి, కారు పెట్టుకోవడానికి చోటెంత. నాకు కారు లేదు. మనిషి పగటిపూట ఎక్కడ కూర్చుంటాడని మాత్రం అడగలేదు. ఇంట్లో సోఫా ఉంది కదా అనుకున్నానేమో.

కొత్త ఇంటికొచ్చాక మా ఇంటామెకు మాట తగ్గింది. నేను గమనించలేదు. నిజం చెప్పాలంటే, ఇన్నేళ్ళ సంసారంలో మొదటిసారి నా మాటకు అడ్డు రాకపోయేసరికి, నేనే బాగా మాట్లాడుతున్నాననుకున్నాను. గమనించింది కోడలు. "అత్తమ్మ పొద్దంతా బాల్కనీలో కూర్చుని కిందికే చూస్తుంది మామయ్యా. తిన్నావా అంటే ఊ అంటుంది. చూస్తే కంచం అట్లనే ఉంటుంది" అంది. కోడలే ఆమెను గచ్చిబౌలిలో మనసుకు వైద్యం చేసే డాక్టరు దగ్గరికి తీసుకుపోయింది. నేనూ వెంట పోయాను, డాక్టరుకు మొదటినుంచీ చెప్పాలని. ఆయన నన్ను మేకల దాకా కూడా రానివ్వలేదు. ఆమెనే చూశాడు, ఆమెనే అడిగాడు, మాత్రలు రాశాడు. లేచేటప్పుడు నాతో అన్నాడు, "మందుల పని మందులు చేస్తాయి. అమ్మను నలుగురిలో కూర్చోబెట్టండి."

నలుగురిలో అన్నాడు గదా అని ఇంటికొచ్చి లెక్కపెట్టాను. కొడుకు, కోడలు, నేను, ఆమె. సరిగ్గా నలుగురం. ఆదివారం పొద్దున్నే అందర్నీ హాల్లో కూర్చోబెట్టాను. కొడుకు ఫోను చూసుకున్నాడు, కోడలు ల్యాప్‌టాప్ తెరిచింది, నేను మాట్లాడాను. గంట గడిచాక మా ఇంటామె లేచి, లోపలికి పోతూ, "అయిపోయిందా మీటింగు?" అంది. ఆ నెలలో ఆమె నోట వచ్చిన అతి పెద్ద వాక్యం అది. వైద్యం పనిచేస్తోందని కొడుకుతో చెప్పాను.

పనిచేసిన వైద్యం వేరే. మా బిల్డింగు ప్రహరీ వెనక, చెరువు వైపు, ఎవరూ పట్టించుకోని జాగా ఒకటుండేది. పునాదులకు బండలు పేల్చినప్పుడు మిగిలిన రెండు గుండ్లు, వాటిమీద ఎవరో పరిచిపోయిన షాబాదు బండలు, పైన కానుగ చెట్టు. అదే అరుగు. పక్కనున్న అద్దాల ఆఫీసులో హౌస్‌కీపింగ్ చేసే ఆడవాళ్ళు మధ్యాహ్నం ఒంటిగంటకు అక్కడ డబ్బాలు విప్పుకునేవాళ్ళు. వాళ్ళ ఆఫీసు కింది హాల్లో పెద్ద పెద్ద సోఫాలున్నాయి. వాటిని తుడవడం వరకే వీళ్ళ పని.

ఒకరోజు మధ్యాహ్నం నడకకని మా ఇంటామెను కిందికి తీసుకుపోతే, మోకాలు పట్టేసి ఆ అరుగు మీద కూలబడింది. వాళ్ళలో పాలమూరు నుంచి వచ్చినామె ఒకతె జరిగి చోటిచ్చి, డబ్బా మూతలో ఇంత కూర వేసి చేతికిచ్చింది. మా ఇంటామె వేలితో అద్దుకుని నాలిక మీద పెట్టుకుంది.

"ఇందుల చింతపులుసు ఎక్కువైంది" అంది.

"గట్లనా పెద్దమ్మా? మరెట్ల చెయ్యాలె, చెప్పు."

చెప్పింది. వాళ్ళ డబ్బాలు ఖాళీ అయ్యేదాకా చెప్పింది. నేను కానుగ చెట్టుకు అవతల నీళ్ళసీసా పట్టుకుని నిలబడ్డాను. మర్నాటి నుంచి పన్నెండున్నరకే తల దువ్వి, ముడి వేసుకుని, లిఫ్టు బటన్ నొక్కేది. నేనూ చెప్పుల్లో కాళ్ళు పెట్టబోతే, "నువ్వెందుకు? ఆడోళ్ళ నడుమ నీకేం పని?" అంది. సరేనని బాల్కనీలో ఆమె కుర్చీలో కూర్చుని కిందికి చూడ్డం మొదలుపెట్టాను. పన్నెండో అంతస్తుకు మాటలేం వినపడతాయి? చేతులు తిప్పడం కనపడేది. ఆమె చేతులు అంత తిరుగుతాయని నాకు తెలియదు. ఆ వారం నన్ను మూడుసార్లు తిట్టింది. కోడలు డాక్టరుకు ఫోన్ చేసి ఆ సంగతి శుభవార్తలా చెప్పింది.

తరవాత ఒకనాడు ఆ జాగా చుట్టూ నీలం రేకులు లేచాయి. రేకులు తీసేనాటికి లోపల పార్కు ఉంది. పక్కనే బోర్డు: "మనశాంతి వనం".

పార్కు బాగాలేదని అనను. వట్టికాళ్ళతో నడవడానికి గులకరాళ్ళ బాట వేశారు. వెదురు నాటారు. గాలికి మోగే గొట్టాలు కట్టారు. కానుగ చెట్టును ఉంచారు, అందుకు దండం. అరుగు మాత్రం లేదు. దాని బదులు పుట్టగొడుగుల్లాంటి సిమెంటు పీటలున్నాయి, ఒక్కోటి ఒక్క మనిషికి, ఒక్కోటి ఒక్కో దిక్కుకు, దేనికదే పది అడుగుల ఎడంలో. పార్కు పొద్దున ఐదు నుంచి పదింటిదాకా, సాయంత్రం నాలుగు నుంచి ఎనిమిదిదాకా. మధ్యాహ్నం గేటుకు తాళం.

"ఒంటిగంటకు ఎందుకు తియ్యవయ్యా?" అని గేటు దగ్గర సెక్యూరిటీ అతన్ని అడిగాను.

"మొక్కలకు రెస్ట్ సార్" అన్నాడు. తమాషాకు కాదు, అతనికి అట్లాగే చెప్పారట.

మొక్కలకు ఇచ్చిన రెస్టు హౌస్‌కీపింగ్ వాళ్ళకు లేకపోయింది. వాళ్ళు తమ బిల్డింగు బేస్‌మెంటులో, బండ్ల నడుమ నిలబడి తినడం మొదలుపెట్టారు. మా ఇంటామె బాల్కనీకి తిరిగొచ్చింది. నా కుర్చీ ఆమె తీసుకుంది. తీసుకోవడమేమిటి, అది ఆమెదే.

కూర్చుంటే ఎక్కడైనా ఒకటే కదా అని పొద్దుటిపూట నేనే పార్కుకు తీసుకుపోయాను. ఆమెను ఒక పీట మీద కూర్చోబెట్టి, నేను పక్క పీట మీద కూర్చున్నాను. ఆమె అటు తిరిగి ఏదో అంది. వినపడలేదు.

"ఏందీ?" అన్నాను గట్టిగా.

"ఏం లే" అంది.

"ఏం లేదంటే ఏందో చెప్పు."

"మోకాలు నొస్తుందంటున్న."

సెక్యూరిటీ అతను పరుగున వచ్చాడు. "సార్, జర మెల్లగ. ఇది సైలెన్స్ జోన్." మనసు నెమ్మది కోసం కట్టిన చోట, ఒక ముసలిది మోకాలు నొప్పని చెప్పుకోవాలంటే అరవాలి, అరిస్తే వెళ్ళిపోవాలి. నాకు వచ్చిన కోపం ఇంతా అంతా కాదు. కోపం వస్తే నేను చేసేది ఒక్కటే. ఇంటికొచ్చి కాగితాలు ముందేసుకున్నాను.

పార్కు కట్టిన సర్కారు ఆఫీసుకు పెట్టిన మొదటి అర్జీ పదకొండు పేజీలు. ఖాజాగూడ రాళ్ళు ఎప్పటివో రాశాను. అరుగు అనే మాట నిఘంటువులో ఎట్లా ఉందో రాశాను. పాత మాదాపూర్ గల్లీల్లో ఏ ఇంటి ముందు ఎవరు కూర్చునేవాళ్ళో, రోడ్డు వెడల్పు చేసినప్పుడు ఆ అరుగులు ఏ వరసలో పోయాయో రాశాను. మేకలు వచ్చాయి. ఆఖరి రెండు పేజీల్లో, బోర్డు మీద "మనశ్శాంతి"లో శ ఒత్తు లేకపోవడం ఎంత ఘోరమో, ప్రజల సొమ్ముతో తప్పు తెలుగు రాయడం ఎట్లాంటి పనో విప్పి చెప్పాను. మా ఇంటామెను కూర్చోబెట్టి చదివి వినిపించాను. నాలుగో పేజీలో నిద్రపోయింది. నిద్ర పట్టడం మంచిదని డాక్టరు చెప్పాడు గనక లేపలేదు.

రెండు నెలలకు ఫలితం కనపడింది. ఒక మనిషి నిచ్చెన వేసుకుని వచ్చి, పాత బోర్డు పీకి కొత్తది బిగించాడు: "మనశ్శాంతి వనం". శ కింద శ ఒత్తు, నిండుగా. ఒక సర్కారు ఆఫీసు నా మాట విని ఒక అక్షరం దిద్దుకుంది. నేను ఆగలేక మా ఇంటామెను చెయ్యి పట్టుకుని కిందికి తీసుకుపోయి చూపించాను. ఆమె బోర్డును చాలాసేపు చూసింది. ఆమెకు చదువు రాదు. నా ముఖమూ చూసింది.

"ఒత్తు వచ్చిందంటవు. కూసోనీకి చోటొచ్చిందా?" అంది.

మళ్ళీ ఆఫీసుకు పోయాను. కౌంటర్లో ఉన్న అమ్మాయి నా కాగితాల కట్ట చూసి భయపడింది. "తాతా, గింత ఎవరు చదువుతరు? కంప్యూటర్ల ఒక్క లైనే పడ్తది. నీ పరేషాన్ ఏందో ఒక్క ముక్కల చెప్పు" అంది. పదకొండు పేజీలు రాసిన నాకు ఇదొక సవాలులా తోచింది. ఆలోచించి, గొంతు సవరించుకుని, "అరుగు లేదు" అని చెప్పాను. టక టక కొట్టేసింది. అంత క్లుప్తంగా నేను జన్మలో మాట్లాడలేదు. దారంతా మురిసిపోతూ ఇంటికొచ్చాను.

వారానికి ఫోనొచ్చింది, దవాఖాన నుంచి.

"తాతా, నీకు అరుగుతలేదని కంప్లైంట్ వచ్చింది. ఎన్ని దినాలాయె?"

"అమ్మా, అది క్రియ కాదు. నామవాచకం."

"ఏమన్న కానీ. తిన్నంక ఎంతసేపటికి అయితుంది?"

నిఘంటువులో ఎన్నో పుటలో ఉందో కూడా చెప్పాను. ఆమె ఓపిగ్గా విన్నది. పక్కనున్నవాళ్ళతో, "గ్యాస్ పైకి తంతే గిట్లనే మాట్లాడ్తరు" అనడం నాకు వినపడింది. పొద్దుగూకినంక పప్పు తినొద్దంది, మాత్రలు పెడతాను వచ్చి తీసుకుపొమ్మంది. ఆ సాయంత్రమే నా ఫోనుకు మెసేజీ కూడా వచ్చింది, నా సమస్య పరిష్కరించబడినదని. ఊళ్ళో అందరి బోర్డులూ దిద్దేవాడిని, నా ఒక్క వాక్యాన్ని ఒక్క అక్షరం తేడాతో పోగొట్టుకున్నాను. కొట్టేటప్పుడు తెర మీద చూసుకోవాలన్న బుద్ధి కూడా లేకపోయింది. మాత్రలు తెచ్చుకుని వేసుకున్నాను. నిజంగానే అరిగింది. ఈ సంగతి ఇంట్లో ఇప్పటికీ చెప్పలేదు.

ఈ లోపల మా ఇంటామె ముడి వేసుకోవడం మానేసింది. డాక్టరు మాత్ర పెంచాడు. కోడలు సెలవు పెట్టి వారం రోజులు ఇంట్లో కూర్చుంది. కోడలు అడిగితే ఆమె బదులిచ్చేది గాని, తనంతట తానుగా ఒక్క మాట తియ్యలేదు. నేను గదిలో మూడో అర్జీకి నాలుగో ముసాయిదా దిద్దుకుంటున్నాను.

అట్లా దిద్దుకుంటున్న ఒక మధ్యాహ్నం తలుపు కొట్టిన చప్పుడైంది. తీస్తే పాలమూరామె, యూనిఫారం మీదే, మా ఇంటామె చెయ్యి పట్టుకుని నిలబడి ఉంది. మా ఇంటామె ఎప్పుడు కిందికి పోయిందో నాకు తెలియదు.

"పెద్దమ్మ పార్కు గేటు ఊసలు పట్టుకొని నిలబడ్డది తాతా. ఎంతసేపాయెనో. గా ఎండల" అంది. "మా కాడికి తోల్కపోదమంటే బేస్‌మెంటుల బయటోళ్ళను రానిస్తలేరు. నువ్వు ఇంట్లనే ఉన్నవా?"

"ఉన్నాను. అర్జీ రాస్తున్నాను" అన్నాను.

ఆమె చెప్పులు విడిచి లోపలికొచ్చింది. మా ఇంటామెను మంచం మీద కూర్చోబెట్టి, నీళ్ళు తాగించి, డ్యూటీకి ఆలస్యమైందని పోయింది. మా ఇంటామె అరచేతుల్లో ఊసల తుప్పు అంటుకుని ఉంది. నేను తడిగుడ్డతో తుడిచాను. తుడుస్తుంటే ఒక్క మాట అంది: "తీస్తరేమో అనుకున్న."

సాయంత్రం కోడలు రాగానే, గేటు తీసే వేళకు చొక్కా వేసుకుని పార్కుకు పోయాను, ఎవరు దొరికితే వాళ్ళను తిట్టాలని. ఆ రోజు దొరికింది ఒక అమ్మాయి. ముప్పై ఏళ్ళుండవు. వెదురు మొక్కలు ఎట్లా పట్టాయో చూసి ట్యాబ్‌లో రాసుకుంటోంది. పార్కు నమూనా గీసింది తనేనంది. మాట కర్నూలు వైపుది. నేను మొదలుపెట్టాను, సెక్యూరిటీ అతను మూడుసార్లు సైలెన్స్ జోన్ అన్నాడు. ఆమె అతన్ని చెయ్యెత్తి ఆపి, నాకు ఊపిరి అందకుండా పోయేదాకా విని, అప్పుడడిగింది:

"పదకొండు పేజీల అర్జీ రాసింది మీరేనా పెద్దాయనా?"

"చదివావా?" అన్నాను.

"మొత్తం చదివినాను. ఆ మేకల కాడ నవ్వుకున్నాను గూడా."

నా కోపం సగం అక్కడే దిగిపోయింది. పొగిడితే పడిపోతానని నాకు తెలుసు గాని, అంత తొందరగా అనుకోలేదు.

"ఒకటే దొరకలేదు" అంది. "అరుగు, అరుగు అని రాసినారు. దానిమీద కూర్చునేది ఎవరో యాడా రాయలేదు."

"జనం" అన్నాను.

"జనమంటే ఎవరు పెద్దాయనా? మాకు చెప్పిందీ జనమనే. రోజంతా మాటలతో అలిసిపోయి, ఒంటరిగా కూర్చుని నెమ్మది పడే జనం అని చెప్పినారు. ఆఫీసుల వాళ్ళకు అది గూడా కావాల్సిందే. నేనట్లే గీసినాను."

పదకొండు పేజీల్లో మా ఇంటామె ఎక్కడా లేదు. మా బిల్డింగులో ఎవరడిగినా మా ఇంటామెకు మోకాళ్ళ నొప్పులని చెబుతూ వచ్చాను. మోకాలికి మాట ఉంది. మనసుకొచ్చే జబ్బుకు మన దగ్గర ఉన్నవి రెండే మాటలు. ఒకటి, కూర మాడినా వాడుకునే "మనసు బాగాలేదు". రెండోది తిట్టు. ఆ రెంటి నడుమ ఉన్నదాన్ని ఆఫీసు కాగితం మీద, పక్కన నా సంతకంతో, ఎట్లా పెట్టాలో తెలియక నేను రాళ్ళ గురించి రాశాను. సిగ్గుపడింది ఆమె కాదు, నేను. ఆ అమ్మాయితో మా ఇంటామె సంగతి చెప్పాను. గేటు ఊసల సంగతీ చెప్పాను. ఈసారి సెక్యూరిటీ అతను రాలేదు, అంత మెల్లగా చెప్పాను.

ఆమె ట్యాబ్ తెరిచింది. "ఎంతమంది కూర్చుంటారు? ఎదురెదురుగానా, పక్కపక్కనా? నీడ ఏ పక్కకు వస్తాది?"

నేను వాళ్ళ దగ్గర కూర్చున్నదెప్పుడు? పన్నెండో అంతస్తు నుంచి చేతులు చూశాను, అంతే. "పైకి వచ్చి ఆమెనే అడుగు తల్లీ" అన్నాను. జీవితంలో నేను చేసిన తెలివైన పనుల జాబితా చిన్నది, ఇది అందులో ఉంటుంది.

వచ్చింది. మంచం పక్కన కింద కూర్చుని అడిగింది. మా ఇంటామె మొదట గోడ వైపు చూసింది. తరవాత చేత్తో వంపు గీస్తూ అంది, "వరుసగ కూసుంటే పక్కామె మాటే ఇనవడ్తది. జర వంకర ఉండాలె, కొడవలి లెక్క. అప్పుడు అందరి మొకాలు కనవడ్తయి."

"అది షాబాదు బండతో..." అని నేనందుకున్నాను.

"నువ్వుండవయ్యా" అంది.

నేనున్నాను.

"నడుము ఆనుకోనీకి గోడ ఉండాలె. పొద్దుగాల నుంచి వంగి వంగి తుడుస్తరు వాళ్ళు. డబ్బాలు పెట్టనీకి నడుమ చోటుండాలె. ఒంటిగంటకు కానుగ నీడ చెరువు దిక్కుకు వస్తది, గేటు దిక్కు కట్టకుండ్రి, ఎండ కొడ్తది. ఎత్తు తక్కువుండాలె, నా మోకాలికి." ఆఖరికి, "ఒక్కదాన్నే కూసునే పీటలు మస్తున్నయి బిడ్డా. ఒక్కదాన్నే కూసోవాలంటే నాకు బాల్కనీ లేదా?" అంది.

ఆ అమ్మాయి ఒక్కటీ వదలకుండా రాసుకుంది. పోయేటప్పుడు లిఫ్టు దగ్గర నాతో అంది, "నమూనాలో అరుగుకు చోటు లేదు. అరుగు అని అడిగితే ఒప్పుకోరు. ఇంకే పేరు పెడితే ఒప్పుకుంటారో నేను చూస్తాను. మీరు ఇంకొక అర్జీ రాయండి పెద్దాయనా. నాలుగు లైన్లు. అంతకు మించి రాస్తే నామీద ఒట్టే."

నాలుగు లైన్లే రాశాను. నా భార్యకు మనోవ్యాధి ఉంది, వైద్యం నడుస్తోంది అని మొదటి లైను. ఒంటిగంటకు ఆ ఆడవాళ్ళతో కూర్చుని మాట్లాడినన్నాళ్ళూ ఆమె అన్నం తిన్నది అని రెండోది. ఇప్పుడు తినడం లేదు అని మూడోది. కూర్చునే చోటు ఇప్పించండి అని నాలుగోది. చదివి వినిపించాను. ఈసారి నిద్రపోలేదు. "మోకాళ్ళు గూడ రాయి" అంది. రాయలేదు, లైన్లు అయిపోయాయి.

జవాబు టపాలో వచ్చింది, ముద్రతో, సంతకంతో. తప్పులు పట్టాలని రెండుసార్లు చదివాను, దొరకలేదు. తరవాత మా ఇంటామెకు గట్టిగా చదివి వినిపించాను. ఉన్నదున్నట్టు ఇదీ:

"తమరి అర్జీ పరిశీలించడమైనది. మనశ్శాంతి వనము యొక్క ఆమోదిత నమూనాయందు అరుగు అను నిర్మాణమునకు తావు లేదు. అయితే తోటపని పనిముట్లు పెట్టుకొనుటకై కానుగ చెట్టు క్రింద, చెరువు వైపున, కొడవలి వంపు కలిగి, తక్కువ ఎత్తులో, వెనుక ఆనుకొను గోడతో కూడిన రాతి దిమ్మె యొకటి నిర్మించుటకు అనుమతించడమైనది. పనిముట్లు దించుకొనుటకు వీలుగా ప్రతిదినము మధ్యాహ్నము ఒంటిగంట నుండి రెండు గంటల వరకు వెనుక గేటు తెరచి ఉంచబడును. సదరు వేళయందు పనిముట్లేవియు లేనియెడల, దిమ్మెపై ఎవరైనను కూర్చొని మాట్లాడుకొనుటకు ఈ కార్యాలయమునకు అభ్యంతరము లేదు."